సుగ్గి జాబితా పట్టుకుని తీసిన రక్తం

ల్యాబ్ టెక్నీషియన్లుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ నన్ను చూడడానికి వస్తుంటారు. రిటైరైనవాడు కనబడితే ఏదో ఒక మంచి మాట చెప్పించుకోవాలని మనవాళ్ళకు ఒక సరదా. నేను చెప్పే మంచి మాట మాత్రం వాళ్ళకు రుచించదు. "మీరు చేసిన పరీక్ష సరిగ్గానే ఉండి, మీరు చెప్పిన ఫలితం తప్పు కావచ్చు" అంటాను. ముసలాయన చాదస్తం అనుకుని టీ తాగి వెళ్ళిపోతారు. చాదస్తం ఉన్న మాట నిజమే, నా భార్య ఎక్కడైనా సాక్ష్యం చెబుతుంది. కానీ ఈ మాట చాదస్తంతో వచ్చింది కాదు. ఒక మనిషి చనిపోతే వచ్చింది. ఆ సంగతి ఒకసారి పూర్తిగా చెప్పేస్తే నాకూ కొంచెం బరువు తగ్గుతుందేమో.

నా ఉద్యోగంలో చివరి పదకొండేళ్ళు కర్నూలు జిల్లా పడమటి కొసన ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గడిచాయి. వాన పడితే సేద్యం, పడకపోతే సుగ్గి. సుగ్గి అంటే తెలియనివాళ్ళకు చెబుతున్నాను, వలస. దీపావళి దాటగానే ఇళ్ళకు తాళాలు వేసి, పిల్లాజెల్లాతో లారీలెక్కి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. అక్కడ చేల గట్ల మీద పట్టలు కప్పుకున్న గుడిసెల్లో ఐదారు నెలలు కలిసి బతుకుతారు. ఎండలు ముదిరేసరికి తిరిగొస్తారు. వస్తూ వస్తూ ఎవరో ఒకరు మలేరియా తెస్తారు.

అందుకని ఏటా సుగ్గి లారీలు ఊళ్ళోకి వచ్చాయంటే చాలు, నేను గాజు పలకల పెట్టె సంకనేసుకుని పరుగెత్తేవాణ్ణి. వచ్చినవాళ్ళను వరసగా కూర్చోబెట్టి, వేలికి సూది గుచ్చి, చుక్క నెత్తురు పలక మీద పూత పూసుకుని వచ్చేవాణ్ణి. నా ముందు పనిచేసినాయన అదే చేశాడు, ఆయన ముందువాడూ అదే చేశాడు. మా ఆసుపత్రిలో "రక్తం తీయాల" అని ఎవరన్నా అంటే సుగ్గి వాళ్ళు వచ్చారని అర్థం. ఇంకో అర్థం మాకు తెలియదు. ఊరికొక సుగ్గి జాబితా ఉండేది. ఎవరు పోయారు, ఎవరు వచ్చారు, ఎవరికి జ్వరం, అన్నీ అందులో ఉంటాయి.

నేను చెప్పబోయే ఊళ్ళో ఆ జాబితా రాసేది అక్కడి ఆశా కార్యకర్త. నలభై దాటిన మనిషి. నన్ను అన్నా అనేది. వాళ్ళది తాతల నాటినుంచి చర్చి కుటుంబం. చెక్కినట్టుండే దస్తూరీ, మిషన్ బళ్ళో పెట్టించారట. ఆమె భర్త కడప జిల్లాలో మంగంపేట వైపు ముగ్గురాయిని పొడి కొట్టే ఒక మిల్లులో చాలా ఏళ్ళు పనిచేసి, ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై ఇంటికి చేరినవాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. కరోనా వచ్చిన మొదటి ఎండాకాలం ఆమె ఆయన్ని ఇంట్లో వెనక గదిలో కూర్చోబెట్టింది. ఊరంతా తిరిగి జ్వరాల లెక్క రాసే మనిషి కదా, ఇంటికి రాగానే బయటే స్నానం, బట్టలు బయటే. అన్నం పళ్ళెం గడప ఇవతలనుంచి తోసేది. "జైల్లో గూడా ఇట్లా పెట్టరన్నా" అని ఆయన నాతో నవ్వుతూ అనేవాడు. ఆయన్ని బతికించుకోవడమే ఆమెకు ఆ ఏడంతా ఉన్న ఒకే ఒక్క పని. మిగతా పనులన్నీ దాని చుట్టూ చేసుకునేది.

ఆ ఎండాకాలంలోనే సుగ్గి వాళ్ళను బస్సుల్లో తెచ్చి బడిలో దించారు. అందరినీ ఒకే వరండాలో పడుకోబెట్టారు. వాళ్ళల్లో చాలామందికి జ్వరాలు వచ్చాయి, దగ్గులు వచ్చాయి, వయసులో ఉన్నవాళ్ళు కాబట్టి లేచి తిరిగారు. వానాకాలం పోయేసరికి జ్వరాలు తగ్గాయి. మా మండలంలో మేము భయపడినంత జరగలేదు. జనం మాస్కులు గడ్డం కిందికి దించారు.

అప్పుడు వచ్చింది జిల్లా నుంచి ఉత్తర్వు. జబ్బు తెలియకుండానే వచ్చి పోయినవాళ్ళు ఎంతమందో చూడాలి, మండలానికొక ఊళ్ళో రక్తం తీసి పంపండి అని. మా మండలానికి ఆ ఊరు పడింది. రెండు పేజీల కాగితం. మొదటి పేజీలో ఎన్ని ట్యూబులు, ఎట్లా పంపాలి అని ఉంది. రెండో పేజీలో మనుషుల్ని ఎట్లా ఎంచుకోవాలో ఉంది. ఇంటి వరసన పోవాలి, ఇన్ని ఇళ్ళు వదిలి ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఒక మనిషి, ముసలివాళ్ళయినా ఇంట్లోంచి కదలనివాళ్ళయినా సరే. ఆ రెండో పేజీ నేను చదివాను. చదవలేదని చెప్పుకుని తప్పించుకునే వీలు కూడా నాకు లేదు.

కానీ అది వేరుశనగ పీకే కాలం. తెల్లారేసరికి జనం చేలల్లో ఉంటారు, ఇళ్ళకు గొళ్ళేలు. అదే సమయంలో సుగ్గి వాళ్ళు మళ్ళీ పోవడానికి పేర్లు రాయించుకుంటూ, కూలీలను కూడగట్టి తీసుకుపోయే మేస్త్రీ ఇంటి ముందు చేరుతున్నారు. నేను మేస్త్రీకి కబురు పెట్టాను. పదేళ్ళ అలవాటు. నా కాళ్ళు ఇంకో దారి పట్టనే లేదు.

రెండో రోజు ఆశా కార్యకర్త జాబితా చూసి పేర్లు పిలుస్తూ మధ్యలో ఆగింది.

"అన్నా, ఇండ్ల వరసన పోవాలని గదా మీటింగులో చెప్పినారు? ఈళ్ళంతా సుగ్గోళ్ళే."

"ఊరోళ్ళే గదమ్మా. ఊరి నుంచి తీయమన్నారు, ఊరి నుంచి తీస్తాండాం."

"అట్లయితే మా ఇంటాయనది గూడా ఒకటి తీయి. ఇంట్లోనే ఉండాడు, పట్టుకోని రమ్మంటే నేనే ఎంటబెట్టుకోనొస్తా."

నేను నవ్వాను. "ఆయన యాడికి పోయినాడని? ఎండాకాలం నుంచి గది దాటని మనిషికి ఏముంటాది? ట్యూబు దండగ."

ఆమె కూడా నవ్వింది. మూడు పొద్దుల్లో పని అయిపోయింది. మా డాక్టరమ్మ, కడప నుంచి వచ్చిన చిన్న వయసు పిల్ల, చేరి ఏడాది కూడా కాలేదు, కాగితాల మీద సంతకం పెట్టబోతూ అడిగింది, "శాంపిళ్ళు రూల్ ప్రకారమే తీసినారు కదా?" "అంతే మేడమ్" అన్నాను. నా తల నెరిసింది చూసి ఆ పిల్ల ఇంకో మాట అడగలేదు.

ఫలితం వచ్చింది. అంకె పెద్దది. చుట్టుపక్కల ఏ మండలానికీ రానంత పెద్దది. నాకు గర్వంగా అనిపించింది, అదేదో నేను సంపాదించినట్టు.

అప్పటికి టీవీల్లో పొద్దస్తమానం అదే వాదన. దేశంలో సగం మందికి పైగా వచ్చేసిందని ఒకడు, రాలేదని ఇంకొకడు. అందరికీ వచ్చి పోతే జబ్బు తానే ఆగిపోతుంది, అన్నీ తెరిచేయండి అని ఒక పక్షం. మనుషుల్ని చంపుకుని ఆపుతారా అని ఇంకో పక్షం. హెర్డ్ ఇమ్యూనిటీ అనే మాట టీ అంగళ్ళ దాకా వచ్చింది. మాస్క్ పెట్టుకోమంటే టీ కాచేవాడు నాకు ఆ మాట చెప్పి పంపించేవాడు.

మా మండలంలో ఆ వాదన దేవర దగ్గరికి వచ్చి ఆగింది. ఊరి దేవర అంటే అమ్మవారి జాతర, ఏటా జరిగేది కాదు. కొన్నేళ్ళకొకసారి జరుగుతుంది, జరిగితే ఎక్కడెక్కడి చుట్టాలూ వస్తారు. ఒకసారి వాయిదా పడింది. ఈసారి జరపాల్సిందేనని మండలంలో అధికారం చేతిలో ఉన్న నాయకుడు పట్టుబట్టాడు. వద్దని ఎదుటి పార్టీ నాయకుడు. ఇద్దరికీ చుట్టరికం ఉంది, పొలాలు పక్కపక్కనే. మామూలుగా అయితే ఒకరు తూర్పు అంటే ఇంకొకరు పడమర అంటారు, అంతే. కానీ వద్దన్నాయన ఈసారి కలెక్టరుకు అర్జీ పెట్టాడు. దాంతో ఊళ్ళో మీటింగు పెట్టి జనం ముందే తేల్చమని మండలాఫీసు చెప్పింది.

బడి ఆవరణలో షామియానా వేశారు. డాక్టరమ్మా, నేనూ పోయాం. ఆడవాళ్ళ వైపు చాప మీద ఆశా కార్యకర్త కూర్చుని ఉంది.

ముందు డాక్టరమ్మను మాట్లాడమన్నారు. టీకా వచ్చింది, ముందు ముసలివాళ్ళకు, జబ్బులున్నవాళ్ళకు వేస్తున్నాం, అవి పూర్తయ్యేదాకా పెద్ద గుంపులు వద్దు అని ఆమె మెల్లగా చెప్పింది. ముందు వరసలో కొందరు ఆవులించారు. నాయకుడు మైకు అందుకున్నాడు.

"డాక్టరమ్మ చెప్పింది దేశం సంగతి. నేను మన మండలం సంగతి చెప్తాండా. గవుర్మెంటే రత్తం తీసింది. మన ల్యాబు సారు ఈడే ఉండాడు, ఆయన నోటితోనే వినండి."

నేను లేచాను. జేబులో కాగితం ఉంది. అంకె చదివాను. ఎక్కడ తీశామో, ఎవరికి తీశామో చెప్పలేదు. చప్పట్లు కొట్టారు. నా ఉద్యోగంలో నాకు చప్పట్లు కొట్టింది అదే మొదటిసారి. ఎవరో శాలువా కూడా కప్పారు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ చాలా బాగుండింది.

ఎదుటి పార్టీ నాయకుడు లేచాడు. "మిగతావాళ్ళ గతేమప్పా? అందరికీ రాలేదని నీ లెక్కే చెప్తాంది గదా. ముసలీముతకా ఉండారు, జబ్బుమనుషులు ఉండారు. వాళ్ళ పానాలతో ఆడుకుంటావా?"

నాయకుడు మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు. అరవలేదు. బస్సు టైమెప్పుడో చెప్పినట్టు చెప్పాడు. "సూడప్పా, గొర్ల మందకు బొబ్బ రోగం వస్తాది. కొన్ని పోతాయి. మిగిల్నేటివి గట్టిపడతాయి, మంద నిలబడతాది. ఇదీ అంతే. పోయేటోళ్ళు కొందరు పోతారు, దానికి ఊరంతా ఎన్నాళ్ళు తలుపేసుకోని కూర్చుంటాది?"

నేను దిమ్మెరపోయాను. ఆసుపత్రిలో పనిచేసేవాణ్ణి, చావు మాట నాకు కొత్తది కాదు. పోతే పోనీ అని ఇంట్లో విసుక్కునేవాళ్ళనూ చూశాను. కానీ మైకులో, షామియానా కింద, వందల మంది ముందు ఒక మనిషి కొందరు పోతారు అని చెప్పడం, జనం తలలూపడం, ఆ జనంలో ముసలివాళ్ళు కూడా తలలూపడం నేను ఎప్పుడూ చూడలేదు. ఇంకా ఘోరం, ఆయన ఆ మాట చెప్పింది నా అంకె మీద నిలబడి. నా భుజం మీద శాలువా ఉంది. తీసేయాలనిపించింది, తీయలేదు.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఒక అవ్వ లేచింది. గొర్రెలు కాసిన ఇల్లు. కర్ర ఆనించుకుని నిలబడింది.

"బొబ్బ రోగం వచ్చిన ఏడు నేను ఉండా సామీ. నువ్వు చెప్పింది నిజమే. మిగిల్నేటివి గట్టిగానే ఉండె. పోయినేటివాటిని నా చేతుల్తో గుంత తీసి పూడ్చినా." ఊపిరి తీసుకుంది. "పింఛనికి మీరు జాబితా చదువుతారు. ఇండ్లకు చదువుతారు. ఎవురికి వచ్చింది, ఎవురికి రాలేదు అని ఈడనే నిలబెట్టి చదువుతారు. ఈ పొయ్యేటోళ్ళ జాబితా గూడా చదవండి. నా పేరు ఉంటే ఇప్పుడే చెప్పండి, కోడలికి చెప్పాల్సినేటివి ఉండాయి."

కొందరు నవ్వారు. నాయకుడు కూడా నవ్వి, "నువ్వు నూరేండ్లుంటావులే అవ్వా, కూర్చో" అన్నాడు. ఆమె కూర్చోలేదు. నా వైపు తిరిగింది.

"ఏం నాయనా, మా ఇంటికి నువ్వు రాలేదే. మా వీధిలోకే రాలేదు. ఎవురి రత్తం తీసినావు?"

నేను మీకు చెప్పదలచుకున్న రోజు ఇదే. ఆ క్షణంలో నాకు అన్నీ తెలుసు. ఆమె అడిగిన ప్రశ్న రెండో పేజీలో ఉన్నదే. సుగ్గి వాళ్ళవే తీశానవ్వా, గుడిసెల్లో కలిసి బతికినవాళ్ళవి, ఇంట్లో ఉన్నవాళ్ళవి తీయలేదు, ఈ అంకె మీది కాదు అని చెబితే అరనిమిషం పని. చెబితే మూడు పొద్దుల పని తప్పని ఒప్పుకోవాలి. మెమో వస్తుంది, రిటైర్మెంటు దగ్గర పడింది. డాక్టరమ్మ సంతకం కూడా చిక్కులో పడుతుంది. ఆ పిల్ల మీద జాలి అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి శాలువా కప్పుకున్న మనిషి అంత తొందరగా తప్పు ఒప్పుకోలేడు.

"అన్ని వీధుల్లోనూ తీసినామవ్వా," అన్నాను.

ఆశా కార్యకర్త వైపు చూశాను. ఆమె తల వంచుకుని చాప అంచు చూస్తోంది.

దేవర జరిగింది. ఘనంగా జరిగింది. వద్దన్న నాయకుడు వారం పాటు తిట్టాడు. నెల తిరక్కుండా ఆయన ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నాడు, ఇంతమంది ఏమిటని పోలీసులు అడిగితే మా మండలంలో అందరికీ వచ్చి పోయింది, కావాలంటే ల్యాబు సారును అడగండి అన్నాడట. పార్టీలు కలవని చోట నా అంకె ఇద్దరినీ కలిపింది. మసీదు తెరిచారు, చర్చి తెరిచారు, సంత మొదలైంది. మా ఫ్రిజ్‌లో టీకా బుడ్లు ఉండేవి, వేయించుకునే చేతులు వచ్చేవి కావు. "మాకు వచ్చి పోయినాది గదా సార్, ఇంకా ఏంటికి?" అని నన్నే అడిగేవాళ్ళు.

ఈస్టర్ పండగకు ముందు వచ్చే మట్టల ఆదివారం పొద్దున నేను ఆ ఊరి మీదుగా బండి మీద పోతున్నాను. చర్చి ముందు జనం, చేతుల్లో ఈత మట్టలు. వాళ్ళ మధ్య ఆశా కార్యకర్త భర్త. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మొహం కడిగిన ముత్యంలా ఉంది. నన్ను చూసి చెయ్యెత్తి ఆపాడు. నాలుగడుగులు వేసి వచ్చి, ఆయాసం తీర్చుకుని, నా చెయ్యి పట్టుకున్నాడు.

"నీ పుణ్యమన్నా. ఏడాది అయింది, మనుషుల మొగాలు సూసి. దేవర మీటింగులో నువ్వు చెప్పినావంట గదా, ఊరికంతా వచ్చి పోయినాదని. మా ఆడమనిషి వద్దొద్దంటానే ఉండె. ల్యాబన్న చెప్పినాక ఇంకేమని నేనే మొండికేసినా."

"సూది వేయించుకున్నావా?"

"రెండ్రోజులు జరమొస్తాదంట గదా. పండగ పోనీలే, వేయించుకుంటా."

నా నోరు తెరుచుకుంది. దేవుడి సాక్షిగా తెరుచుకుంది. ఇంటికి పో అని చెప్పాలి. నీ లెక్క నేను తీయలేదు, నిన్ను వదిలేసిందే నేను, పో, గదిలోకి పోయి తలుపేసుకో అని చెప్పాలి. ఆయన మొహం చూసి నాకు మాట రాలేదు. "మాస్కు సరిగ్గా పెట్టుకోప్పా" అన్నాను. పెట్టుకున్నాడు. బండి స్టార్ట్ చేసుకుని వచ్చేశాను.

రెండు వారాలు కాలేదు. ఆమె ఆయన్ని ఆటోలో మా దగ్గరికి తెచ్చింది. ముక్కులో పుల్ల పెట్టింది నేనే. కిట్టు మీద రెండు గీతలు పడడానికి పావుగంట పడుతుందంటారు, ఆయన విషయంలో అంత సేపు పట్టలేదు. రెండో గీత చూస్తూ నిలబడ్డాను. ఎన్నో గీతలు చూసిన కళ్ళు, ఆ గీతను నమ్మలేకపోయాయి. ఇంకో కిట్టు తెరిచి మళ్ళీ చేశాను. అదే.

అంబులెన్స్ కోసం ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చోబెట్టాం. ఆమె కాగితాల కోసం డాక్టరమ్మ గదిలోకి పోయింది. నేను సిలిండరు పక్కన నిలబడ్డాను. ఆయన గొట్టం కొంచెం పక్కకు జరిపి, మాటకు మాటకు మధ్య ఆగుతూ అన్నాడు.

"అన్నా, ఆ పొద్దు నువ్వు నా రత్తం తీయలేదు గదా."

"లేదప్పా."

"సుగ్గోళ్ళవే తీసినారు. మా ఇంట్లోదే జాబితా రాసింది. నేను ఇంట్లో పండుకోని శానా ఆలోచించినా. ఆ లెక్కలో నేను యాడ ఉండా? లేను." నవ్వబోతే దగ్గొచ్చింది. తగ్గాక నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాగాడు. "మా ఆడమనిషికి ఈ మాట చెప్పాకు. ఆమె గూడా నీతో తిరిగింది గదా. మనసు విరిగిపోతాది."

ఆయన కోపంగా ఉండి ఉంటే నేను తట్టుకునేవాణ్ణి. అంబులెన్స్ వచ్చింది. కర్నూలు తీసుకుపోయారు. ఆరో రోజు పోయాడు.

ఆ ఊళ్ళో ఆ నెలలో ఇంకా చావులున్నాయి. ఎన్ని అని అడగకండి. అంకెలు చెప్పే హక్కు నాకు ఎప్పుడో పోయింది. జాబితా చదవమన్న అవ్వ బతికింది, ఆమె కోడలు పోయింది. టీకా బుడ్ల కోసం అప్పుడు గేటు దగ్గర తోపులాట, అప్పుడు బుడ్లు లేవు. నాయకుడు ఆక్సిజన్ సిలిండర్లు తెప్పించి పంచాడు, ఫొటోలు దిగాడు, నిజం చెప్పాలంటే నిద్రలేకుండా తిరిగాడు కూడా. ఆయన చెడ్డవాడని చెప్పడానికి కాదు నేను ఇదంతా చెబుతున్నది. ఆయన చేతికి అంకె ఇచ్చినవాణ్ణి నేను.

జ్వరాలు తగ్గాక ఒక రోజు డాక్టరమ్మ ముందు కూర్చుని చెప్పేశాను. ఆ పిల్ల పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. "రెండోసారి అడగాల్సింది నేను," అంది. పైకి ఉత్తరం రాసింది, శాంపిళ్ళు తీసిన పద్ధతి సరిగా లేదని. నెల తర్వాత జవాబు వచ్చింది, గమనించడమైనది అని ఒక్క ముక్క. నాకు మెమో కూడా రాలేదు. ఏ మెమోకు భయపడి నోరు మూసుకున్నానో అది రానే లేదు.

ఇక ఆమెకు చెప్పాలి. పోవడానికి మూడు నెలలు పట్టింది. పోయినప్పుడు ఇంటి ముందు బండ మీద కూర్చుని రిజిస్టరు రాసుకుంటోంది. ఉద్యోగం మానలేదు. చెంబుతో నీళ్ళిచ్చింది. తాగి, ఇంక నీళ్ళు నమలకుండా చెప్పాను. నీ జాబితా నేను తప్పుగా వాడాను. మీటింగులో అవ్వ అడిగితే అబద్ధం చెప్పాను. చర్చి దగ్గర ఆయన నన్ను ఆపాడు, అప్పుడన్నా చెప్పలేదు. నీ మొగుణ్ణి బయటికి తెచ్చింది నేనమ్మా.

ఆమె రిజిస్టరు మూసింది.

"నాకు తెల్దా అన్నా?" అంది. "పేర్లు పిల్చింది నేను. ఆ మీటింగులో అవ్వ అడిగినప్పుడు లేచి నిలబడాల్సింది నేను. నువ్వు నా పక్క సూసినావు, నేను చాప పక్క సూసినా. ఆ నాయకుడు చెప్పితే వచ్చిన పని నాది. లేస్తే పోతాదని భయం."

ఆమే మళ్ళీ మొదలుపెట్టింది.

"అదన్నా మీటింగు. జనం. ఇంట్లో ఆయనకు చెప్పేదానికి నాకేమి రోగం? మట్టల ఆదివారం నాడు చొక్కా ఇస్త్రీ చేసింది నేనే. వద్దు, వద్దు అంటానే చేసినా. అద్దంలో సూసుకోని నవ్వినాడన్నా ఆయప్ప. ఏడాదికి నవ్వినాడు. ఆ లెక్క మనది కాదు, ఇంట్లో ఉండు అని ఒక్క మాట అంటే ఉండేటోడు. ఆ నవ్వు సూసి నాకు నోరు రాలేదు."

నేను క్షమించమని అడగడానికి పోయినవాణ్ణి. అడగడం మర్చిపోయాను.

"ఆయనకు తెలిసిందంటావా అన్నా? పోయే ముందర?"

చెప్పొద్దని ఆయన నా చొక్కా పట్టుకుని మరీ అడిగాడు. చెప్పకపోతే ఆమె ముందు ఇంకోసారి అబద్ధం ఆడినట్టు. ఏది తప్పో నాకు ఈ రోజుకూ తెలియదు. ఆ రోజు మాత్రం ఇంకో అబద్ధం నా గొంతులోంచి రాలేదు.

"తెలిసిందమ్మా. వరండాలో నాతో అన్నాడు. కోపం లేదు. నీకు చెప్పాకు, మనసు విరిగిపోతాదన్నాడు."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "చెప్పాకు అన్నాడా" అని తనలో తాను రెండుసార్లు అనుకుంది. తర్వాత నా మొహంలోకి సూటిగా చూసింది.

"ఇప్పుడు నాకు చెప్పినావే, ఇది అందరికీ చెప్పాల. ఆ పొద్దు మైకులో చెప్పినావు గదా, ఇది గూడా ఆ మైకులోనే చెప్పన్నా. నేను గూడా లేస్తా ఈసారి. పని పోతే పోనీ."

చెబుతానమ్మా అన్నాను. మీటింగు పెట్టినప్పుడు చెబుతాను అన్నాను.

ఆ ఊళ్ళో ఆ సంగతి మీద మళ్ళీ ఎవరూ మీటింగు పెట్టలేదు. ఏడాదికి నేను రిటైరయ్యాను. మైకు లేకపోతే మాత్రం ఏమి, చావడి దగ్గర నిలబడి చెప్పి ఉండొచ్చు. ఆమె కొన్నాళ్ళు ఎదురుచూసింది, ఎప్పుడు చెప్తావన్నా అని రెండుసార్లు ఫోన్ చేసి అడిగింది. మూడోసారి చేయలేదు.